నంబరు లేని పిస్టల్

అక్టోబర్ 12, శనివారం

కెండ్రాని పట్టుకెళ్ళారు.

పొద్దున్న డ్యూటీకి వెళ్తూ వంతెన దాటిందో లేదో, కారు వెనక లైటు ఒకటి వెలగడం లేదని పోలీసు ఆపాడు. వెనక లైటు! దానికి నా పిల్ల ఇప్పుడు న్యూజెర్సీ జైల్లో కూర్చుంది.

చేతులు రెండూ స్టీరింగ్ మీద పెట్టి, "సార్, ముందు అరలో పిస్టల్ ఉంది. పర్మిట్ నా పర్సులో ఉంది, తియ్యమంటారా?" అని అడిగిందట. పదహారేళ్ళప్పుడు కారు నేర్పుతూ వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. పెన్సిల్వేనియాలో మా పిల్లలందరికీ ఇదే నేర్పుతాం. దాచొద్దు, అడక్కముందే చెప్పు, మర్యాదగా చెప్పు. మా ఊరి పోలీసయితే "థాంక్స్ అమ్మా, లైటు మార్పించుకో" అని పంపేసేవాడు. నది అవతల అదే మాటకి బేడీలు వేశారు.

నది అంటే మాత్రం ఎంతని! నేను తోలే స్కూలు బస్సులో పిల్లలు ఒక పాట మొదలుపెట్టి పూర్తిచేసేలోపు దాటేయొచ్చు.

మా ఆయన లామార్ ఫోన్ పెట్టేసి బేస్‌మెంట్‌లోకి దిగాడు. చాలాసేపు పైకి రాలేదు. ఆ పిస్టల్ అతను చేసింది అక్కడే.

అక్టోబర్ 13

చర్చికి వెళ్ళలేదు. వెళ్తే అందరూ జాలి ముఖాలు పెట్టుకుని చెయ్యి నొక్కుతారు. భరించలేను.

అక్టోబర్ 16, బుధవారం

వదిలారు. పిలిచినప్పుడల్లా కోర్టుకి రావాలి. ఆసుపత్రి వాళ్ళు కేసు తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డు దానిది. అరచేతిలో పట్టేంత పిల్లల్ని బతికించే చేతులకి వేలిముద్రల సిరా పూశారు.

ఈస్టన్‌లో తన ఫ్లాట్ దగ్గర దింపాను. దిగేముందు, "అమ్మా, దాని మీద నంబరు లేదని నాకు తెలీదే. నేనెప్పుడూ చూడనే లేదు. నాన్న ఇచ్చాడు, పెట్టుకున్నాను," అంది.

ఎవరు మాత్రం చూస్తారు? తండ్రి పుట్టినరోజుకి ఇచ్చిన వస్తువుని తిరగేసి చూసే పిల్లలు ఎవరుంటారు?

అక్టోబర్ 21, సోమవారం

లాయర్ విటాలె దగ్గరికి వెళ్ళొచ్చాం, నేనూ కెండ్రా. లామార్‌కి నడుం నొప్పి.

విటాలె చిన్నగా ఉండే ఆవిడ, గట్టి గొంతు. తీపి మాటలేవీ చెప్పలేదు. కేసులు రెండట. ఒకటి, ఆ రాష్ట్రం పర్మిట్ లేకుండా పిస్టల్ పెట్టుకోవడం. మా పర్మిట్ అక్కడ చెల్లదు. రెండోది, దాని మీద నంబరు లేకపోవడం. కొట్లో అమ్మే ప్రతి తుపాకీకీ ఒక నంబరు ఉంటుంది, కొన్నవాడి పేరు ఉంటుంది. లామార్ తెప్పించినట్టు పోస్టులో వచ్చే కిట్‌కి అదేమీ ఉండదు. ముప్పాతిక తయారైన ముక్కలు పంపుతారు, మిగతా పని కొన్నవాడు ఇంట్లో చేసుకోవాలి. అందుకని అది తుపాకీ కాదట, ముక్కలట. ముక్కలకి నంబరెందుకు అని వాళ్ళ లెక్క. అలాంటిది దగ్గర పెట్టుకోవడమే న్యూజెర్సీలో నేరం. కొత్తగా వచ్చిన చట్టం.

"శిక్ష ఎంత పడుతుంది?" అన్నాను.

"నేరం రుజువైతే మూడున్నరేళ్ళు, అంతకంటే ముందు బయటికి రావడం కుదరదు," అంది. "కానీ ఇలా వేరే రాష్ట్రం నుంచి వచ్చి, తెలియక చిక్కుకున్న మంచివాళ్ళకి ఒక దారి ఉంది. జైలు లేకుండా, కొన్నాళ్ళు పర్యవేక్షణలో పెట్టి వదిలేస్తారు. దానికి ప్రాసిక్యూటర్‌ని ఒప్పించాలి. ఆయన అడిగే మొదటి ప్రశ్న, నంబరు లేని తుపాకీ ఈ అమ్మాయికి ఎక్కడిది అని. దొంగచాటుగా తెప్పించుకుందా, ఎవరైనా ఇచ్చారా?"

"వాళ్ళ నాన్న ఇచ్చాడు. తనే చేశాడు," అన్నాను.

"మరి ఆయన ఆ మాటే రాసి సంతకం పెట్టాలి. నేనే చేశాను, నేనే ఇచ్చాను, ఆమెకి ఏమీ తెలీదు అని. అంతే."

అంతే. ఎంత సులువు! వస్తూ మంచి మాంసం కొనుక్కొచ్చాను. రేపు వెళ్ళి సంతకం పెడతాడు.

అక్టోబర్ 22

లామార్ అంతా విన్నాడు. "ఆ న్యూజెర్సీ వాళ్ళు మనుషులేనా!" అన్నాడు. రాజ్యాంగం అన్నాడు. తాత ముత్తాతల మాట తెచ్చాడు. సంతకం సంగతి అడిగితే, "పెడతాలే వెర్నా, ఒక్క రోజు ఆలోచించుకోనీ," అన్నాడు.

రేపు పెడతాడు.

అక్టోబర్ 23

ఇవాళ కాదట.

అక్టోబర్ 27, ఆదివారం

ఊరి అగ్నిమాపక దళం హాల్‌లో హామ్, చిక్కుడు గింజల భోజనాలు. నేను వడ్డనకి వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. ఎల్వుడ్ నన్ను పక్కకి పిలిచాడు. ఆ దళానికి పెద్ద, లామార్‌కి చిన్నప్పటి స్నేహితుడు, మా పెళ్ళిలో పెళ్ళికొడుకు పక్కన తోడుగా నిలబడ్డవాడు.

"చూడు వెర్నా, లామార్ చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించకు. నీ మంచికే చెప్తున్నాను."

"నా మంచేమిటి ఎల్వుడ్ ఇందులో? కెండ్రా మంచి కదా చూడాల్సింది?"

"కెండ్రాకి ఏమవుతుంది? నర్సు, చదువుకున్న పిల్ల, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. జడ్జి మందలించి పంపేస్తాడు. లామార్ సంగతి వేరు. ఒకటి చేశానని రాశాడనుకో, మరి ఇంకెన్ని చేశావని అడుగుతారు కదా?"

గరిట చేతిలోనే ఉంది. "ఎన్ని చేశాడు?" అన్నాను.

ఎల్వుడ్ టోపీ సర్దుకున్నాడు. "నాకొకటి చేసిపెట్టాడు. మనవాళ్ళకి కొందరికి చేసిపెట్టాడు. అమ్మలేదులే. స్నేహం కొద్దీ."

స్నేహం కొద్దీ. మా హాల్లో ఇల్లు వెచ్చబెట్టే బొగ్గు పొయ్యి ఎల్వుడ్ ఇచ్చింది. రెండు శీతాకాలాలుగా బొగ్గు ఊరికే వచ్చి పడుతోంది. మంచు తోసే మిషన్ మా గరాజ్‌కి ఎలా వచ్చిందని అడిగితే "ఎవరికో అక్కర్లేదట" అన్నాడు లామార్. ఊళ్ళో అందరికీ మా ఆయనంటే ఎంత అభిమానమో అని మురిసిపోయాను. ఆ అభిమానం పక్కన ఇన్నాళ్ళూ చలి కాచుకున్నాను.

అక్టోబర్ 28

అడిగాను. దాచలేదు. "అమ్మడం అంటే డబ్బు తీసుకోవడం. నేను ఒక్క డాలర్ ముట్టానా? వాళ్ళు వస్తువిచ్చారు, నేను వస్తువిచ్చాను," అన్నాడు.

"దానికి లైసెన్సు ఉండాలి కదా?"

"ఎవడు చెప్పాడు?"

"నాకు బస్సు తోలడానికే లైసెన్సు ఉంది లామార్. పిల్లలకి పాలు పొయ్యాలంటే స్కూలు వంటావిడకి లైసెన్సు ఉంది."

"అది వేరు," అన్నాడు.

ఏది అడిగినా అది వేరు. అయినా మనసులో కూతురి కోసం కొట్టుకుంటున్నాడు, నాకు తెలుసు. మాట పైకి రాదు, అంతే. రేపో ఎల్లుండో పెడతాడు.

నవంబర్ 2, శనివారం

లామార్ ఎల్వుడ్ దగ్గరికి వెళ్ళాడు. నేను బేస్‌మెంట్‌లోకి దిగాను, బట్టలు ఉతకడానికే. మిషన్ పక్కన షెల్ఫులో కొత్త కిట్ డబ్బా ఇంకోటి ఉంది, ఇంకా విప్పలేదు. దాని మీద తండ్రీ కొడుకులు నవ్వుతున్న బొమ్మ. "మీ చేత్తో మీరే" అని పెద్ద పెద్ద అక్షరాలు.

అక్కడే బుట్ట మీద కూర్చుని డబ్బా నాలుగు వైపులా చదివాను. ఎంత గొప్ప ప్లాస్టిక్కో ఏమిటో బోలెడు రాశారు. కొనేవాడికి కావలసిన మాట ఒక్కటి లేదు. మూలన చీమ తలకాయలంత అక్షరాల్లో "మీ ప్రాంతపు చట్టాలు తెలుసుకోండి" అని ఉంది. ఏ ప్రాంతం? ఉన్న ప్రాంతమా, ఉద్యోగం చేసే ప్రాంతమా, లైటు ఆరిపోయిన ప్రాంతమా?

నన్నడిగితే ఆ బొమ్మ చింపేసి ఇలా రాయించేదాన్ని: అయ్యా, దీన్ని మీ ఇంట్లో మీకోసం చేసుకుంటే మీ రాష్ట్రం ఏమీ అనకపోవచ్చు. పక్క రాష్ట్రం జైల్లో వేస్తుంది. వంతెన ఎక్కేముందు కనుక్కోండి. మీ పర్మిట్ డ్రైవింగ్ లైసెన్సు లాంటిది కాదు, కొన్నిచోట్ల అది చిత్తుకాగితం. పక్కవాడికి చేసిపెట్టి బదులు పొయ్యి తెచ్చుకుంటే మీరు లైసెన్సు లేని తుపాకుల వ్యాపారి, డబ్బు ముట్టలేదంటే ఎవరూ వినరు. ఇందులో తూటా ఇరుక్కుపోతే బాగుచేసే దుకాణం దొరకదు. దొంగ ఎత్తుకుపోతే ఏ నంబరు చెప్పి ఫిర్యాదు ఇస్తారో మీరే ఆలోచించుకోండి. దీన్ని పిల్లలకి బహుమతిగా ఇవ్వకండి. ఇచ్చారా, వాళ్ళతోపాటు మీరు కూడా కోర్టుకి వెళ్ళి నిలబడండి.

దుకాణం మాట ఎందుకు రాశానంటే, కెండ్రాకి ఇచ్చిన కొత్తలో అది రెండు మూడుసార్లు ఇరుక్కుంది. లామార్ తీసుకెళ్తే ఊళ్ళో తుపాకులు బాగుచేసే అతను చేత్తో ముట్టుకోలేదు. "ఎవరు చేశారో తెలీని వస్తువు మీద నేను చెయ్యి వెయ్యనండి," అన్నాడు. అప్పుడు లామార్‌కి రోషం వచ్చి వారం రోజులు దాంతోనే కూర్చుని సరిచేశాడు.

బట్టలు ఉతకడం మరిచిపోయి పైకి వచ్చాను.

నవంబర్ 8, శుక్రవారం

విటాలె ఫోన్ చేసింది. పిస్టల్ పరీక్షకి పంపారు కదా, రిపోర్టు వచ్చిందట. అది పనిచెయ్యదని తేలితే కేసు కొంత తేలికవుతుందని పోయిన వారమే చెప్పింది. నేను వారం నుంచి దేవుడికి అదే మొక్కుకుంటున్నాను, మళ్ళీ ఇరుక్కోవాలని.

ఇరుక్కోలేదు. చక్కగా పనిచేస్తోందని రాశారు.

భోజనాల దగ్గర ఆ మాట చెప్పాను. లామార్ ఫోర్కు కింద పెట్టాడు. వెలిగిపోయింది ఆ ముఖం.

"చూశావా? ప్రభుత్వం వాళ్ళే అన్నారు!"

ముప్పై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి ఈ మనిషి నెత్తిన గిన్నె బోర్లించాలనిపించింది. ఎదురుగా ఉన్న గిన్నెలో పులిసిన క్యాబేజీ నిండుగా ఉంది కూడా. కెండ్రాకి నచ్చే వంట. అందుకని ఊరుకున్నాను.

నవంబర్ 14

సంతకం లేదు.

నవంబర్ 19, మంగళవారం

ఇవాళ లామార్ ఉత్తరం రాశాడు. బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని. నా గుండె ఎగిరి గంతేసింది. చప్పుడు చెయ్యకుండా కాఫీ పెట్టి ఇచ్చాను. వెనక నుంచి తొంగిచూశాను.

వేట శాఖ వాళ్ళకి రాస్తున్నాడు. జింకల వేట ఎప్పుడూ థాంక్స్‌గివింగ్ తర్వాత సోమవారం మొదలవుతుంది. ఈ ఏడు శనివారానికి మార్చారు. అది ఘోర అన్యాయమట. తరతరాల ఆచారమట. స్కూళ్ళు కూడా ఆ సోమవారం సెలవిస్తాయట, నాకు తెలీనట్టు.

రెండు పేజీలు రాశాడు. కింద సంతకం పెట్టాడు. ఎంత బాగా పెట్టాడు! పూర్తి పేరు, లామార్ ఇ. హెఫెల్‌ఫింగర్, తోకతో సహా.

"సంతకం పెట్టడం వచ్చునే నీకు," అన్నాను.

"నీకేమైంది ఈమధ్య?" అన్నాడు.

నవంబర్ 22

విటాలె మళ్ళీ అడిగింది. వచ్చే నెల మొదట్లోనే దరఖాస్తు పెట్టాలట. వచ్చే వారం పండగ. కెండ్రా ఇంటికి వస్తుంది. కూతురి ముఖం ఎదురుగా చూస్తే కరగని తండ్రి ఉంటాడా? పండగ రోజు తనే చెప్తాడు.

నవంబర్ 28, థాంక్స్‌గివింగ్

టర్కీ బాగా కుదిరింది. ముందు అది రాసేస్తాను.

కెండ్రా చిక్కిపోయింది. గుమ్మడికాయ పై చేశాను, చౌచౌ ఊరగాయ సీసా విప్పాను, బంగాళాదుంప ఫిల్లింగ్ మా అమ్మ చేసినట్టే చేశాను. ముగ్గురం చేతులు పట్టుకుని ప్రార్థన చేశాం. లామార్‌దే ప్రార్థన. ఈ ఇంటికి ఇచ్చిన మేలులన్నిటికీ కృతజ్ఞతలు చెప్పాడు. అన్నిటికీ.

సగం భోజనం అయ్యాక కెండ్రా నీళ్ళు తాగి, ప్లేటు వైపు చూస్తూ అంది. "నేను విటాలెకి మాట మార్చి చెప్పేశానమ్మా. ఆ కిట్ నేనే తెప్పించుకున్నానని. నేనే బిగించుకున్నానని."

"ఏమిటీ?"

"నాన్న పేరు ఎందుకు మధ్యలో? ఒకటి చెప్తే అన్నీ బయటికి వస్తాయి కదా. ఎల్వుడ్ అంకుల్ ఫోన్ చేశాడు. నాన్న ఈ వయసులో జైలుకి వెళ్తే బతకడు అన్నాడు. నేను చిన్నదాన్ని. ఎలాగో గడిపేస్తాను."

"నీ నర్సు లైసెన్సు?"

"పోతుంది," అంది. ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

నేను లామార్ వైపు చూశాను. ఇప్పుడు. ఇప్పుడు ఫోర్కు కింద పెడతాడు. ఇప్పుడు "పిచ్చిదానా, ఏం మాటలవి" అంటాడు. ఇప్పుడు అంటాడు.

"ఆ గ్రేవీ ఇలా అందించు," అన్నాడు.

కెండ్రా అందించింది.

నవంబర్ 29

వెళ్ళిపోయాడు. ఎల్వుడ్ ట్రక్కులో, మిగతావాళ్ళతో, అడవిలో క్యాబిన్‌కి. రేపు వేట మొదలు. శనివారం మీద అంత కోపం ఉన్నవాడు ఆ శనివారానికి ఒక రోజు ముందే బయల్దేరాడు. గుమ్మం దగ్గర నా బుగ్గ మీద ముద్దు పెట్టాడు. నేను చెక్కలా నిలబడ్డాను, గమనించలేదు.

నెలన్నరగా ఈ పేజీల్లో రేపు పెడతాడు, ఎల్లుండి పెడతాడు అని రాస్తూ వచ్చాను. ఇప్పుడు వెనక్కి తిప్పి చూస్తే ఒళ్ళు మండుతోంది. ఎవరికి రాశాను ఆ మాటలు? ఇది నేను తప్ప చదివేవాళ్ళు లేరు.

పెట్టడు. ఆ మాట రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

డిసెంబర్ 2, సోమవారం

స్కూలు సెలవు. వేట మొదలయ్యే రోజు మారినా ఈ సెలవు మారలేదు. మంచు పడి రోడ్డు జారుతోంది. కారు తీసి వంతెన దాటాను. దాటుతుంటే వెనక లైట్లు రెండూ వెలుగుతున్నాయో లేదో చూసుకోలేదే అని భయం వేసింది. నాకు!

విటాలె నన్ను చూసి ఆశ్చర్యపోయింది. "మీ ఆయన రాలేదా?"

"రాడు. నేను చెప్తాను, రాసుకోండి. ఆ పిస్టల్ మా బేస్‌మెంట్‌లో చేస్తుంటే నేను చూశాను. బట్టలు ఉతుకుతూ చూశాను. పుట్టినరోజుకి రంగు కాగితం చుట్టి ఇచ్చాడు, ఆ కాగితం మడతపెట్టింది నేను. కెండ్రాకి ఏమీ తెలీదు. తను వేరేలా చెప్పినా సరే, నేను చెప్పేది నిజం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "వెర్నా గారూ, ఒక మాట. నేను మీ అమ్మాయి లాయర్ని, మీ ఆయన లాయర్ని కాదు. మీరిక్కడ సంతకం పెట్టి, మీ అమ్మాయి ఒప్పుకుంటే, ఇది ప్రాసిక్యూటర్ దగ్గరికి వెళ్తుంది. అక్కణ్ణించి ఎంత దూరం వెళ్తుందో నా చేతిలో లేదు. ఆయన ఇంకా ఎవరికైనా చేసిచ్చారా అని అడుగుతారు. మీరు ఇంటికెళ్ళి ఆలోచించుకుని రావచ్చు."

"ఆలోచించుకోవడం మా ఇంట్లో నెలన్నరగా జరుగుతోందండీ," అన్నాను.

కూతురిది, మొగుడిది, పొయ్యిది, బొగ్గుది, అన్నీ చెప్పాను. సంతకం గట్టిగా పెట్టాను.

డిసెంబర్ 3

మధ్యాహ్నం వచ్చాడు. మంచి మగ జింక, కొమ్ములు పెద్దవే. ట్రక్కు వెనక తలుపు దింపి, "రా వెర్నా, చూద్దువుగాని," అని అరిచాడు. ముఖం చలికి ఎర్రబారి, కుర్రాడిలా ఉన్నాడు. ఎల్వుడ్ వెళ్ళేదాకా ఆగాను.

వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టి కాఫీ పోశాను. నేను నిన్న ఎక్కడికి వెళ్ళానో చెప్పాను.

నారింజ రంగు వేట కోటు ఇంకా విప్పలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఎన్నని చెప్పావు?" అన్నాడు.

"నాకు తెలిసినవన్నీ."

"ఎల్వుడ్ పేరు కూడానా?"

"ఎల్వుడ్ పేరు కూడా."

"పొయ్యి సంగతి?"

"పొయ్యి సంగతి కూడా."

తల ఊపాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. తర్వాత అడుగుతాడని కూర్చున్నాను. దీంతో కెండ్రా బయటపడుతుందా అని, ఉద్యోగం నిలబడుతుందా అని, ఏదో ఒకటి. తిట్టినా పడదామనే ఉన్నాను. నా కాఫీ చల్లారిపోయింది. కప్పు కడిగాను. అతని కప్పు కూడా కడిగాను. అడగలేదు.

లేచి, కోటు సవరించుకుని, "మాంసం పాడవుతుంది," అని గరాజ్‌లోకి వెళ్ళాడు.

నా దుప్పటి, దిండు కెండ్రా పాత గదిలోకి మార్చుకున్నాను.

డిసెంబర్ 4, బుధవారం

బస్సు పెట్టి ఇంటికి రాగానే కెండ్రా ఫోన్. విటాలె కాగితం చూపించిందట. తిట్టింది. నా పిల్ల నన్ను ఇంతలా ఎప్పుడూ తిట్టలేదు. "నిన్నెవరు వెళ్ళమన్నారు? నా కేసు, నా ఇష్టం!" అని ఏడ్చింది. నేను ఎదురు చెప్పలేదు. ఏడవనిచ్చాను. చివరికి, "పంపమన్నాను," అంది. "ఆ కాగితం ప్రాసిక్యూటర్‌కి పంపమని చెప్పాను. చాలా?"

"చాలు," అన్నాను.

ముక్కు తుడుచుకుంటున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"నాన్న ఎలా ఉన్నాడమ్మా? తట్టుకోగలుగుతున్నాడా?"

కిటికీలోంచి గరాజ్ కనిపిస్తోంది. తలుపు తీసే ఉంది. ఎల్వుడ్ వాళ్ళింటి నుంచి తెచ్చిన రేడియో పెట్టుకుని, మాంసం తూచి, తెల్ల కాగితంలో చుట్టి, పొట్లం మీద తారీఖు వేస్తున్నాడు.

"బానే ఉన్నాడే," అన్నాను. "పనిలో ఉన్నాడు."